చెవులున్న దీపాలు

పగిడయ్యను పట్టపగలు పది గంటలకు చంపారు.

2008 ఏప్రిల్, మంగళవారం. భద్రాచలం దాటి దుమ్ముగూడెం రోడ్డు మీద కొంత దూరం పోయి, అక్కణ్ణుంచి అడవిలోకి ఆరు కిలోమీటర్లు నడిస్తే ఎర్రమద్దిగూడెం వస్తుంది. ఇప్పపువ్వు రాలే రోజులు కావడంతో ఆడవాళ్లంతా బుట్టలతో చెట్ల కింద ఉన్నారు. యాభై ఏళ్ల పగిడయ్య భుజాన సంచి వేసుకొని భద్రాచలం బస్టాండుకు బయలుదేరాడు. ఎప్పుడూ పోయే కల్వర్టు దారి వదిలేసి వాగులోకి దిగాడు. ఆ దారిన అతను పోక మూడేళ్లయింది. అయినా అవతలి ఒడ్డున మోటార్ సైకిల్ ఆపుకొని ఇద్దరు మనుషులు అతని కోసమే నిలబడి ఉన్నారు.

సైలెన్సర్ బిగించిన పిస్టల్. ఒకటే తూటా. ఇప్పచెట్ల కింది ఆడవాళ్లు ఎండుకొమ్మ విరిగిందనుకున్నారు. పగిడయ్య ఇసుకలో బోర్లా పడి ఉన్నాడు. అతని భుజాన సంచి లేదు.

మరునాడు ఖమ్మంలో ఏజెంట్ బలరాంకు పిలుపు వచ్చింది.

వైరా రోడ్డు మీద ఒక విత్తనాల దుకాణం, దాని పై అంతస్తులో ఆఫీసు. కింద బోర్డు మీద మొలకల పరీక్ష అని రాసి ఉంటుంది. పైన జరిగే పని దేశభద్రతకు సంబంధించినది. బలరాంకు ముప్పై నాలుగేళ్లు. ఇల్లందు దగ్గర తండాలో పుట్టాడు. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, తండ్రి పనిచేసిన బొగ్గుబావి దగ్గర హిందీ, అడవి సంతల్లో కోయ నేర్చాడు. శాఖ అతన్ని తీసుకున్నదే ఆ నాలుక కోసం.

చీఫ్ బాబూరావు వక్కపొడి నములుతూ టేబుల్ మీద ఒక సోలార్ దీపం పెట్టాడు. పిడి, చిన్న ప్యానెల్, ఆరు తెల్లబల్బులు. గూడెంలో ఎవరింట్లోనైనా కనిపించేదే.

"పగిడయ్య మనోడు," అన్నాడు. "గుట్ట మీద తెల్లోళ్లు గుడిసె ఏసి ఏందో మిషిన్లు పెడుతున్నరని రెండు నెలల సంది మనకు చెప్తున్నడు. నిన్న నన్ను కల్వాలె. ఏ దారిన వచ్చేది సోమవారం పొద్దుమూకి అన్నం తినుకుంట పెండ్లానికి చెప్పిండట. ఇంకెవ్వరికీ చెప్పలే. కోయల చెప్పిండు."

"పెండ్లాం ఎవరికన్నా చెప్పిందా సార్?"

"గూడెం మొత్తం గదే అంటుంది. అది కాదు." బాబూరావు దీపాన్ని తిరగేసి అడుగు మూత ఊడదీశాడు. బ్యాటరీ కింద మైనం పూసిన చోట కందిగింజంత నల్లటి చుక్క కనిపించింది. "మైక్రోఫోన్. పిడి లోపలున్న తీగ ఏంటెన్నా. మాట్లాడిన ప్రతి మాటా గుట్ట మీది రిపీటర్‌కు పోతది. ఆడికెల్లి ఖమ్మం వస్తది. పక్కింట్ల ఖరాబైన దీపం ఒకటి పగిడయ్య ఇప్పి చూసిండు. అండ్ల గూడ ఇసొంటి గింజనే దొరికింది. అదేందో తెల్వక దాన్ని సంచిల ఏసుకొని మనకు చూపియ్యనీకి బయలెల్లిండు. ఆ సంగతి తన ఇంట్ల, తన దీపం కిందనే కూసొని చెప్పిండు."

బలరాం ఆ గింజను వేలితో తడిమి చూశాడు. "ఎన్ని పంచిండ్రు సార్?"

"నాలుగు వందల పన్నెండు. పంతొమ్మిది గూడేలల్ల."

పంచినది హెల్మ్‌విక్ ఫౌండేషన్. దానికి మూడు దేశాల్లో అడ్రసులున్నాయి, ఏ దేశంలోనూ మనుషులు లేరు. ఇక్కడి డైరెక్టర్ పేరు హాల్వర్. అది సొంత పేరు అయ్యే అవకాశం తక్కువ. కరెంటు లేని ఊళ్లలో ఒక జనాభా మొత్తాన్ని ఇరవైనాలుగు గంటలూ వింటే ఏమేం తెలుస్తుందో పరీక్షించి, ఆ సిస్టమ్‌ను ప్రభుత్వాలకూ, ప్రభుత్వాలు కాని వాళ్లకూ అమ్మడం ముఠా పని. ఆ ముఠాకు ఈ అడవే ప్రయోగశాల అయింది. ఖమ్మంలోనే ఖానాపురం హవేలిలో ఒక మేడ కిరాయికి తీసుకొని, భాషా సర్వేకు కోయ, లంబాడీ తెలిసిన ట్రాన్స్‌క్రైబర్లు కావాలని వాళ్లు పేపర్లో ప్రకటన ఇచ్చారు.

"రేపటి సంది నీ పేరు హీరాలాల్," అన్నాడు బాబూరావు. "బీఎడ్ ఫెయిలైనవ్. ఫోన్లు గేటు కాడనే గుంజుకుంటరు. గందుకే ఈ పెన్ను. మూత రెండుసార్లు నొక్కితే నాకు సిగ్నలొస్తది, కిలోమీటరు లోపల. ఏమన్నా చెప్పాలంటే సందు చివర జిరాక్స్ షాపుకు పో. లామినేషన్ ఎంతసేపు పడ్తది అని అడుగు. కరెంటుంటే పది నిమిషాలు అంటడు. ఆయన మనోడే."

వెనక గదిలో పగిడయ్య భార్య జంపక్క గోడకు ఆనుకొని కూర్చుంది. ఆమె ముందు పెట్టిన టీ మీద మీగడ కట్టింది. బలరాం కింద కూర్చొని కోయలో పలకరించాడు. ఆమె తెలుగులోనే జవాబు చెప్పింది. తన భాషలో మాట్లాడటానికి ఆమె భయపడుతోందని అతనికి కాసేపటికి అర్థమైంది. గూడెంలో ఎవరూ ఆమెతో మాట్లాడటం లేదు. మొగుడి దారి తెలిసింది ఆమెకొక్కదానికే కాబట్టి, అమ్ముకున్నది కూడా ఆమేనని తోడికోడలు నలుగురిలో అనేసింది. దినం నాడు ఆమె వండిన అన్నం ముట్టమని అందరూ అన్నారు.

"ఆయన నాకు చెప్పిండు. నేను సప్పుడు చేయకుంట విన్న. గంతే సారూ," అంది. "ఇంట్ల కూసొని మొగనితోటి మాట్లాడుడు గూడ తప్పయితదా?"

హంతకులు ఆమె కోసం కూడా వస్తారు. గూడెంలో ఆ గింజ సంగతి తెలిసిన వాళ్లలో బతికున్నది ఆమె ఒక్కతే. ఎక్కడ దాచాలన్నది ప్రశ్న. మా తండాలో ఒక్క దీపం కూడా పంచలేదు, మా అమ్మ దగ్గర ఉంచుదామన్నాడు బలరాం. ఆ సాయంత్రమే ఆమెను జీపులో ఇల్లందు వైపు తీసుకుపోయి తల్లి కమ్లికి అప్పగించాడు. కమ్లికి డెబ్బై ఏళ్లు. చాప పరిచి, చెంబుతో నీళ్లిచ్చింది.

గురువారం ఉదయానికి హీరాలాల్ కొలువులో చేరిపోయాడు.

మేడ మొదటి అంతస్తులో పొడుగాటి ఏసీ హాలు. పన్నెండు కంప్యూటర్లు, పన్నెండు హెడ్‌ఫోన్లు. కిటికీలకు నల్ల కాగితం అతికించారు. ఫ్లోర్ టీమ్ లీడర్ రాంబాబు ఖమ్మం కుర్రాడు, పాతికేళ్లుంటాయి, మెళ్లో ఐడీ కార్డు, నుదుట కుంకుమబొట్టు. పని ఓపిగ్గా నేర్పాడు. ఇక్కడ మనుషులకు పేర్లుండవు, దీపం నంబర్లే. మాట వినిపించగానే ఏ కేటగిరీయో కొట్టాలి. కోపం, జబ్బు, ప్రయాణం, రాజకీయం, దేవుడు, పడక. ఒక్కోదానికి ఒక్కో కీ ఉంది.

"పడక అంటే?" బలరాం తెలియనట్టు అడిగాడు.

రాంబాబు నవ్వి, రెండు వందల ఎనభై నంబర్ భలే ఉంటది అన్నా, టీ టైమ్‌ల వినిపిస్త అన్నాడు.

హెడ్‌ఫోన్ స్పాంజి ఎవరిదో కొబ్బరినూనెతో జిడ్డుగా ఉంది. బలరాం దాన్ని చెవులకు పెట్టుకున్నాడు. మొదటి గంటలో ఒక తల్లి బిడ్డకు కోయలో లెక్కలు నేర్పుతోంది. రెండో గంటలో ఒక ముసలాయన, ఇంట్లో ఎవరూ లేరనుకొని, చచ్చిపోయిన కొడుకుతో మాట్లాడుతున్నాడు. ఇంకో ఇంట్లో కొత్తగా పెళ్లయిన పిల్ల తన ఒంట్లో వచ్చిన మార్పు గురించి అక్కను సిగ్గుపడుతూ అడుగుతోంది. ఆ అక్క గొంతు తగ్గించింది. స్క్రీన్ మీద వాల్యూమ్ గీత తనంతట తనే పెరిగింది. గొంతు తగ్గితే మిషన్ ఇంకా దగ్గరకు వంగి వింటుంది. అలా తయారుచేశారు.

బలరాం ఉద్యోగంలో శవాలను చూశాడు. కుళ్లిన వాటిని కూడా మోశాడు. అప్పుడెప్పుడూ పని మధ్యలో లేచిపోవాలనిపించలేదు. పక్క సీట్లలో డిగ్రీలు చదివిన పిల్లలు బిస్కెట్లు నములుతూ టైపు చేస్తున్నారు. వాళ్లలో ఒక్కడూ దుర్మార్గుడు కాదు. పన్నెండు గంటలకు ఒకమ్మాయి చెల్లెలి పెళ్లికి సెలవు అడిగింది. రాంబాబు వెంటనే ఇచ్చాడు.

రాంబాబు టీకి పోయినప్పుడు అతని మెషీన్‌లోనే బలరాంకు ఆ ఫైలు దొరికింది. దీపం 57, సోమవారం, సాయంత్రం ఆరూ నలభై. కేటగిరీ ప్రయాణం. పక్కన ఒక నక్షత్రం గుర్తు పెట్టి ఉంది. వారం మొత్తంలో మంచి ఫైలు దొరికించిన వాళ్లకు ఇచ్చే గుర్తు అది. కోయ తెలిసిన క్లర్కు ఒకడు టైపు చేశాడు, రాంబాబు పైకి పంపాడు. అందులోని మనిషి మరునాడే చచ్చాడని వాళ్లిద్దరికీ తెలియదు. తెలుసుకోవాలని అనుకోలేదు కూడా.

నాలుగు నిమిషాల రికార్డింగ్. పగిడయ్య గింజ గురించీ, వాగు దారి గురించీ చెప్పింది అరనిమిషమే. మిగతాదంతా ఒక మొగుడూ పెళ్లాం రోజు గడిచాక చెప్పుకునే కబుర్లు. కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆమె తీస్తోంది. అతను ఆమెను పెళ్లినాటి ఏదో ముద్దుపేరుతో పిలిచి ఆటపట్టించాడు. ఆమె నవ్వింది. బలరాం హెడ్‌ఫోన్ ఊడదీసి బాత్రూంకు పోయి, చెవులను సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాడు.

మధ్యాహ్నం మేడ మీద టిఫిన్ విప్పుతుంటే ఎవరో వచ్చిన అలికిడైంది. ప్రాజెక్ట్ మేనేజర్ సంగీత. ముప్పై ఏళ్లుంటాయి. మావిచిగురు రంగు చీర, తల మీదికి నెట్టిన నల్లకళ్లద్దాలు, చేతిలో స్కార్పియో తాళాలు. ఆమె హాల్లో నడిస్తే పన్నెండు కీబోర్డుల చప్పుడు ఆగిపోతుంది. హాల్వర్‌కు కుడిచెయ్యి ఆమేనని అందరికీ తెలుసు.

"లామినేషన్ ఎంతసేపు పడుతుంది హీరాలాల్?" అని అడిగింది.

బలరాం చెయ్యి పెన్ను మీదికి పోయింది.

"నొక్కకండి. బాబూరావు గారు పరిగెత్తుకొస్తారు. పని చెడిపోతుంది," అందామె తాపీగా, పిట్టగోడకు ఆనుకుంటూ. తను ఢిల్లీ ఆఫీసు పంపిన మనిషినని, ఆ కోడ్ చెప్పింది కూడా వాళ్లేనని అన్నది. ఏడాదిగా ముఠాలో ఉంటోంది. హాల్వర్ ఆమెను తన మనిషనుకుంటున్నాడు. శుక్రవారం పదకొండింటికి శాటిలైట్ లింకులో నలుగురు కొనుగోలుదారులకు లైవ్ డెమో జరుగుతుంది. నచ్చితే సిస్టమ్ మొత్తం, రికార్డులతో సహా, అప్పటికప్పుడే పంపేస్తారు.

"అయితే ఆపాలె కదా?"

"ఆపమని నాకు ఆర్డర్ లేదు. వేరేవాళ్ల చేతిలో పడకుండా మనవాళ్ల చేతికి తెమ్మన్నారు. ఆ నలుగురిలో మూడో కొనుగోలుదారు మన ఢిల్లీయే."

బలరాం టిఫిన్ మూత పెట్టేశాడు. పగిడయ్య సంగతి ఆమెకు ముందే తెలుసా అని అడిగాడు. ఫైలు చూసేసరికి మరునాడు మధ్యాహ్నమైందని ఆమె చెప్పింది. అది నిజమే అనిపించింది అతనికి. నిజమైనందుకు అసహ్యం ఏమీ తగ్గలేదు.

సాయంత్రం జిరాక్స్ షాపులో లామినేషన్ గురించి అడిగాడు. ప్లాను సిద్ధమైంది. శుక్రవారం సిగ్నల్ అందగానే బాబూరావు పార్టీ మేడ మీద రెయిడ్ చేస్తుంది. కారేపల్లి దాటాక మూతపడిన ఫారెస్ట్ నర్సరీ ఒకటుంది. అక్కడ ఆరుగురు ఆయుధాలతో పొంచి ఉండి, రెయిడ్ అయిందని కబురు అందాక బయలుదేరి ఆ పక్క గుట్ట మీది రెండో రిపీటర్‌ను పట్టుకుంటారు.

శుక్రవారం పదిన్నర. హాలు చివర అద్దాల గదిలో పెద్ద స్క్రీన్ పెట్టారు. డెమోకు కోయ, లంబాడీ రెండూ తెలిసినవాడు కావాలని బలరాంను లోపల కూర్చోబెట్టారు. దీపం నంబరుకూ ఇంటికీ పొత్తు కలిపే రిజిస్టర్ అతని కంప్యూటర్‌లో తెరిచి ఉంది. దాంట్లో నిన్న చేర్చిన ముప్పై కొత్త వరసలు కనిపించాయి. బుధవారం వరకూ దీపాల్లేని ఊళ్లకు గురువారం పంచారు. పంతొమ్మిదో కొత్త వరస దగ్గర అతని చూపు ఆగిపోయింది.

దీపం 431. కమ్లి. ఇల్లందు మండలం.

హాల్వర్ లోపలికి వచ్చాడు. పొడుగాటి మనిషి, తెల్లటి ఖద్దరు చొక్కా, నున్నగా గీసిన గడ్డం. స్క్రీన్ మీద నాలుగు చీకటి కిటికీలు తెరుచుకున్నాయి. ముఖాలు లేవు, గొంతులే. ఈ సిస్టమ్‌కు ఒక గొంతు ఇస్తే చాలని హాల్వర్ ఇంగ్లీషులో చెప్పాడు. ఆ గొంతు ఏ దీపం దగ్గర నోరు తెరిచినా చోటు తెలుస్తుంది. రెండు రోజులుగా కనిపించకుండా పోయిన ఒక ఆడమనిషిని ఇప్పుడు మీ కళ్ల ముందే వెతుకుతానన్నాడు. దొరికాక ఏం చేస్తామో కూడా చూపిస్తానన్నాడు. ఇల్లందు రోడ్డులో ఇద్దరు మనుషులు మోటార్ సైకిల్ మీద సిద్ధంగా ఉన్నారు.

స్క్రీన్ మీద జంపక్క పేరు వెలిగింది. దీపం 57 లోంచి తీసిన ఆమె నవ్వును శాంపిల్‌గా వినిపించాడు.

ఫోన్ గేటు దగ్గరుంది. ఇల్లందు నలభై కిలోమీటర్ల పైన ఉంది. ఇప్పుడే సిగ్నల్ ఇస్తే ఇక్కడ రెయిడ్ జరుగుతుంది గానీ, ఆ ఇద్దరు హంతకులు అడవిలో మాయమవుతారు, ఇంకో రోజు వస్తారు. బలరాంకు ఒకే దారి కనిపించింది. 431 వరసలో ఇంటి అడ్రసు చెరిపేసి, కారేపల్లి పక్కన మూతపడ్డ నర్సరీ గుర్తులు టైపు చేశాడు. మ్యాప్ మీద చుక్క పదమూడు కిలోమీటర్లు పక్కకు జరిగింది. తలెత్తి చూస్తే సంగీత అతని భుజం వెనక నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు. నిన్న ఆ దీపాలు పంచడానికి పోయింది ఆమే. రిజిస్టర్ కాగితాలు తీసుకొని పోయి హాల్వర్ పక్కన నిలబడింది.

పదకొండు. నాలుగు వందల నలభై రెండు ఇళ్లు ఒకేసారి మిషన్‌లోకి వచ్చాయి. కోళ్లు, దగ్గులు, రోకలి పోట్లు, ఎక్కడో పసిబిడ్డ ఏడుపు. జంపక్క మాత్రం లేదు. మొగుడు పోయిన నాటి నుంచి ఆమె నోరు తెరిచింది తక్కువ. పదకొండూ పది. రెండో కిటికీలో ఎవరో విసుగ్గా గొంతు సవరించుకున్నారు. హాల్వర్ మెడ మీద చెమట పట్టింది. మాట్లాడకు అక్కా అనుకుంటున్నాడు బలరాం. ఆమె మాట్లాడకుండా ఉంటే ఈ దరిద్రం ఇక్కడే కుప్పకూలుతుంది.

పదకొండూ పదహారుకు, 431లో గిన్నె కదిలిన చప్పుడైంది. కమ్లి లంబాడీలో, రెండు ముద్దలైనా తినమని బతిమాలుతోంది. సొంత తల్లి గొంతు ఆ గదిలో, ఆ నాలుగు చీకటి కిటికీల ముందు వినిపించేసరికి బలరాం పళ్లు బిగించాడు.

"వద్దవ్వా," అంది జంపక్క.

ఒక్క మాటే. స్క్రీన్ ఎర్రగా వెలిగింది. తొంభై రెండు శాతం మ్యాచ్. మ్యాప్ మీద నర్సరీ దగ్గర చుక్క పడింది. హాల్వర్ సంగీత వైపు తిరిగి, ఆ దీపం పంచింది అక్కడేనా అని అడిగాడు.

ఆమె రిజిస్టర్ కాగితం తిరగేసింది. చూడాల్సిన అవసరం లేదు, అయినా చూసింది. "కన్ఫర్మ్డ్," అంది.

హాల్వర్ వైర్‌లెస్‌లో మూడు మాటలు చెప్పాడు. బలరాం పెన్ను మూత రెండుసార్లు నొక్కాడు.

ఆ తర్వాత పదకొండు నిమిషాలు ఎవరూ కదల్లేదు. వినడం అలవాటైన మనిషి కాబట్టి హాల్వర్ ఊరికే ఉండలేక 431 వాల్యూమ్ పెంచాడు. మేకలు అరుస్తున్నాయి. పక్కింట్లో ఎవరో ఆడమనిషి నవ్వింది. ఇంకెవరో బిందె దించారు. అతని కనుబొమలు ముడిపడ్డాయి. మూసేసిన నర్సరీలో ఇన్ని ఇళ్లా అని బలరాంను అడిగాడు. జవాబు కోసం ఆగలేదు. రిజిస్టర్ బ్యాకప్ తెరిచాడు. చుక్క ఒక్క గెంతులో ఇల్లందు వైపు పోయి తండా మీద కూర్చుంది. మోటార్ సైకిల్ ఇంకా నర్సరీ చేరలేదు. మలుపు తిరిగితే తండాకు ఇరవై నిమిషాలు.

హాల్వర్ వైర్‌లెస్ అందుకొని మీట నొక్కాడు. ఏ చప్పుడూ రాలేదు. మళ్లీ నొక్కాడు.

"బ్యాటరీ నా దగ్గరుంది," అంది సంగీత.

అతను సొరుగులోంచి పిస్టల్ తీశాడు. ఆమె కదల్లేదు. బలరాం హెడ్‌ఫోన్ వైరును అతని మణికట్టుకు చుట్టి ఒక్క గుంజు గుంజాడు. తూటా పెద్ద స్క్రీన్‌లో దిగింది, నాలుగు కిటికీలూ ఒకేసారి ఆరిపోయాయి. కింద గేటు విరిగిన చప్పుడు. హాల్లో పన్నెండు మందీ హెడ్‌ఫోన్లు పెట్టుకునే ఉన్నారు. బాబూరావు మనుషులు భుజం తట్టేదాకా ఏం జరిగిందో వాళ్లకు తెలియదు.

పదకొండూ నలభై ఒకటికి నర్సరీ నుంచి కబురొచ్చింది. ఇద్దరూ దొరికారు. పిస్టల్ దొరికింది. వాళ్ల బండి పెట్టెలో పగిడయ్య సంచి కూడా దొరికింది.

హాల్వర్‌ను జీపు ఎక్కించాక బలరాం సంగీతను అడిగాడు, ఎందుకు చేశారని. ఆమె కళ్లద్దాలు చీర కొంగుతో తుడుచుకుంది. నిన్న దీపం ఇస్తే ఆ ముసలామె తనకు గ్లాసెడు చల్ల ఇచ్చిందని చెప్పింది. "దీపం చెడిపోతే ఏం చేయాలె బిడ్డా అని అడిగింది. నేనే వచ్చి బాగుచేస్తానన్నాను." తర్వాత మామూలు గొంతుతో, సర్వర్‌లోని పదహారు హార్డ్ డిస్కులూ సాయంత్రం ఫ్లైటుకు ఢిల్లీ చేరాలంది. ఆర్డర్ వచ్చేసింది. సాక్ష్యం అనే మాట రాశారు. సాక్ష్యానికి ఒక డిస్కు చాలు, పదహారూ ఎందుకో ఆమెకూ, బలరాంకూ, పక్కనే ఉన్న బాబూరావుకూ తెలుసు.

బలరాం మూడింటికల్లా జంపక్కను తీసుకొచ్చాడు. ఎండలో వచ్చిన మనిషి ఏసీ హాల్లో ముడుచుకొని నిలబడింది. అతను ఉన్నదున్నట్టు చెప్పాడు. సోమవారం సాయంత్రం వాళ్లిద్దరి మాటలూ ఇక్కడ ఉన్నాయి. గూడెంలో అందరినీ కూర్చోబెట్టి అవి వినిపిస్తే, ఆమె ఎవరికీ చెప్పలేదని, దీపమే చెప్పిందని తోడికోడలితో సహా అందరూ నమ్ముతారు.

"ఎవలెవలు విన్నరు తమ్మీ?" ఆమె అడిగింది.

"టైపు చేసినోడు, పైకి పంపినోడు. ఇంగ నేను."

"అండ్ల ముల్లు తీసిన మాట ఉన్నదా?"

"అవ్ అక్కా. ఉన్నది."

ఆమె ఆ పన్నెండు కుర్చీల వైపు చూసింది. ఒక హెడ్‌ఫోన్ ఎత్తి, జిడ్డు చేతికంటితే పైటకు తుడుచుకుని కింద పెట్టింది.

"వద్దు," అంది. "గూడెపోళ్లు నన్ను అంటే అననీ. అంటరు, యాడాదికో రెండేండ్లకో ఊకుంటరు. ఆ మాటలు మా ఇద్దరియి. ఆయన లేడు, నేనున్న. నేను చెప్తున్న. పగలగొట్టు."

బలరాం సంగీత వైపు చూశాడు. ఆమె చేతిలో ఢిల్లీ ఫ్యాక్స్ ఉంది. దాన్ని నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుంది.

"నేను టీ తాగి వస్తాను," అంది. "ఇక్కడ టీ బాగుండదు. బస్టాండ్ దాకా పోవాలి. గంట పడుతుంది."

పెరట్లో బట్టలుతికే బండ ఉంది. పక్కన మేస్త్రీలు వదిలేసిన సమ్మెట ఉంది. మొదటి డిస్కు బలరాం పగలగొట్టాడు. రెండోది జంపక్క తీసుకుంది. ఇప్పకాయలు దంచే చేతులు, ఒక్క దెబ్బా పక్కకు పోలేదు. లోపలి పలకలు అద్దాల్లా మెరుస్తూ ముక్కలయ్యాయి. ఎవరి కోపమో, ఎవరి జబ్బో, ఎవరి పడకో అన్నీ కలిసి బండ మీద పొడి అయ్యాయి. పదో డిస్కు దగ్గర ఆమె ఏడ్చింది, సమ్మెట మాత్రం దించలేదు. పదహారూ అయ్యాక చీపురు అడిగి బండ ఊడ్చింది.

రాంబాబు మెట్ల మీద కూర్చొని అంతా చూశాడు. ఆమె ఎవరో అతనికి ఎవరో చెప్పినట్టున్నారు. దగ్గరకు వచ్చి ఏదో అనబోయాడు. 57 అనే నంబర్ తప్ప ఆమెను పిలవడానికి అతని దగ్గర మరో పేరు లేదు. పక్కకు తప్పుకున్నాడు.

గూడెంలో సగం మంది నమ్మారు, సగం మంది నమ్మలేదు. బలరాం ఇంటింటికీ తిరిగి దీపాలు విప్పి, గింజలు ఏరి ఒక డబ్బాలో వేశాడు. దీపాలు మాత్రం వెనక్కి ఇవ్వమని ఎవరినీ అడగలేదు. వెలుతురు వెలుతురే. పగిడయ్య దినం నాడు జంపక్క వండిన అన్నం మొదట ముట్టింది కమ్లి. కొడుకు పక్కన బస్సులో అంత దూరం వచ్చి, పంక్తిలో ముందు కూర్చుంది. ఆమె తర్వాత ఒకరిద్దరు కూర్చున్నారు. తోడికోడలు రాలేదు.

పెనుగులాటలో సర్వర్ కింద పడి పదహారు డిస్కులూ పగిలాయని బాబూరావు రిపోర్టు రాశాడు. అంత పొడిగా ఎలా పగిలాయని ఢిల్లీ రెండుసార్లు అడిగింది. గచ్చు చాలా గట్టిదని రెండుసార్లూ జవాబిచ్చాడు. సంగీతను ఎక్కడికో ట్రైనింగ్ సెంటర్‌కు పాఠాలు చెప్పడానికి పంపారు. బలరాంకు ప్రశంసాపత్రం వచ్చింది. దానితోపాటు ఒక కొత్త మొబైల్ ఫోన్ వచ్చింది. ఏజెంట్ల భద్రత కోసం ఇకపై వాళ్లు ఎక్కడున్నారో నిమిష నిమిషానికీ పైవాళ్లకు మ్యాప్ మీద కనిపిస్తుందని, ఫోన్ ఎప్పుడూ ఆపరాదని కాగితంలో ఉంది.

బలరాం ఆ కాగితం చదివి, సంతకం పెట్టి, ఫోన్ తీసుకుపోయి తన చిన్నాయన కొడుకు తుల్సీరాంకు విషయమంతా చెప్పి అప్పగించాడు. తుల్సీరాం ఖమ్మం, బోనకల్ మధ్య రోజుకు ఆరు ట్రిప్పులు తిరిగే బస్సు కండక్టర్. ఫోన్‌ను టికెట్ల సంచి అడుగున పడేశాడు, ఇంటికి పోగానే గుర్తుగా చార్జింగ్ పెడతాడు.

ఏజెంట్ బలరాం రోజుకు ఆరుసార్లు, ఆదివారం కూడా సెలవు తీసుకోకుండా, బోనకల్ మీద గట్టి నిఘా పెట్టాడని ఢిల్లీ ఆ ఏడాది అతనికి మెచ్చుకోలు రాసింది.